వేటగుఱ్ఱము, వేడుకగుఱ్ఱము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



హైదరాబాదు నగరమున బంజారా హిల్స్ అను కొండ ప్రాంతము కలదు. దానినానుకొని జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ఉన్నవి. తెలుగు చలనచిత్రములకు అది నేడు నెలవు. కాని ఆ కొండకు ఆ పేరు సినిమా తారలవలన రాలేదు. బరువు మోసినవారివలన వచ్చినది. బంజారాలనగా మనము లంబాడీలని పిలుచువారే. పెరికెయెడ్లపై ధాన్యమును, ఉప్పును ఎక్కించి దక్కను దేశమంతయు తిరిగి, సైన్యములకు సైతము గింజలు చేర్చిన జాతి అది. వారి తండాలు వెలసిన కొండ గనుక బంజారా కొండ అయినది.

ఆ కొండలు ఒకనాడు రాతిగుట్టలతో, పొదలతో, మృగములతో నిండియుండి నవాబుల వేటకు నెలవై యుండెడివి. అక్కడ మిగిలిన అడవియే 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి పేర జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. కాబట్టి బరువు మోయుటయు, వేగముగ పరుగెత్తుటయు అను రెండు విద్యలకును ఆ కొండ సాక్షి. నేటి ప్రసంగ విషయము ఈ రెంటి నడుమ నున్న తగవే. గుఱ్ఱమునకు దిట్టమైన దేహము మేలా, తేలికదేహము మేలా? వేటకేది తగును? వేడుకకేది తగును?

గుఱ్ఱపుసాల లేని గ్రామమునకు ఈ చర్చ యెందులకని ఎవరైన అడుగవచ్చును. నేడు పల్లెలలో సైతము పెండ్లి ఊరేగింపునకు గుఱ్ఱమును బాడుగకు తెచ్చు వాడుక ప్రబలినది. ఆ గుఱ్ఱము మోయునది మన బిడ్డను. మోయలేక కూలినచో నష్టము ఇరువురికిని. అందుచేత ఈ విచారము కేవలము రాజుల ముచ్చట కాదు.

ముందుగా విదేశపు మాట. ఇంగ్లండు, ఐర్లండు దేశములలో వేటకుక్కల వెంట పొలములకడ్డముగ పరుగెత్తి, కంచెలను, కందకములను దాటు గుఱ్ఱమును హంటర్ అందురు. అది ఒక జాతి పేరు కాదు, వృత్తి పేరు. ప్రదర్శనములందు దానిని మూడు తరగతులుగ విభజింతురు. విభజనకు ఆధారము గుఱ్ఱపు బరువు కాదు, అది మోయవలసిన రౌతు బరువు. సుమారు 79 కిలోల వరకు మోయునది తేలిక తరగతి; 79 మొదలు 89 కిలోల వరకు మోయునది నడిమి తరగతి; 89 కిలోలకు మించి మోయునది బరువు తరగతి. ఈ విభజనయందే సగము సమాధానమున్నది. గుఱ్ఱము మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు ముందు, అది ఎవరిని మోయవలెనను ప్రశ్న పుట్టవలెను.

అక్కడి నేల మెత్తని బంకమన్ను, వాన తఱచు. బరువైన రౌతు ఆ బురదలో దినమంతయు తిరుగవలెనన్న దిట్టమైన ఎముక గల వాహనము కావలెను. అందులకై ఐర్లండువారు తమ సేద్యపు గుఱ్ఱపు జాతిని, థరోబ్రెడ్ అను పందెపు జాతితో కలిపిరి. పందెపు జాతికి మూలపురుషులు మూడు తూర్పుదేశపు గుఱ్ఱములు: బైయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. అనగా తేలిక రక్తమునకు దిట్టమైన ఎముకను జోడించిరన్నమాట. ఒకటి వేగమునిచ్చినది, ఒకటి ఓర్పునిచ్చినది.

ఇక మన దేశపు మాట. దక్షిణదేశము గుఱ్ఱమునకు పుట్టినిల్లు కాదు. పదమూడవ శతాబ్దమున వచ్చిన మార్కోపోలో మన మోటుపల్లి రేవును గూర్చి వ్రాసినాడు. చరిత్రకారులు రుద్రమదేవిగా గుర్తించిన రాణిని ప్రశంసించినాడు. అతడే తమిళ తీరమును గూర్చి చెప్పుచు, అక్కడ మేలుజాతి మగగుఱ్ఱమును మేలుజాతి ఆడగుఱ్ఱముతో చేర్చినను వంకరకాళ్ల బక్కపిల్లయే పుట్టుననియు, గుఱ్ఱములకు మాంసముతో వండిన అన్నము పెట్టుదురనియు వ్రాసినాడు. గడ్డి తినవలసిన జంతువునకు మాంసపుటన్నము పెట్టినచో ఫలితమేమో రైతునకు వేరుగ చెప్పనక్కఱలేదు. మేపు తెలియని చోట పెద్దజాతిని తెచ్చి ప్రయోజనము లేదు.

విజయనగర రాజులు ఈ లోటును ధనముతో పూరించిరి. ఏటేటా పదమూడువేల గుఱ్ఱములను రాజు కొనెడివాడనియు, వానిలో హోర్ముజునుండి వచ్చినవియు, దేశవాళివియు నుండెడివనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిని చెప్పుచు, రేవులను బాగుచేసి గుఱ్ఱములను, ఏనుగులను, మణులను దిగుమతి చేయించుకొనవలెననియు, దూరదేశపు గుఱ్ఱపు వర్తకులను ఆదరించి తనవారిగ చేసికొనవలెననియు బోధించినాడు. ఆ గుఱ్ఱములు శత్రువునకు దక్కరాదని ఆయన భావము. అశ్వలక్షణములను తెలుగులో చెప్పుటకై మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను కావ్యమునే రచించినాడు.

దిగుమతియైన అరబ్బీ, పారసీ రక్తము మన దేశవాళితో కలిసి దక్కనీ తట్టువ ఏర్పడినది. భీమానది తీరమున దానిని భీమథడీ అందురు. చూపునకు చిన్నది, మొగలుల పెద్ద గుఱ్ఱముల ప్రక్కన నిలిచినచో పిల్లవలె కనబడును. కాని రాతికొండలు ఎక్కి దిగుటయందు, కొద్దిపాటి మేతతో దూరము పోవుటయందు దానికి సాటి లేదు. మరాఠా రౌతులు కవచధారులైన మొగలు రౌతులను అలయించి విసిగించినది ఈ తేలికగుఱ్ఱములపైననే. నేల బురదయైన ఐర్లండులో దిట్టమైనది గెలిచినది. నేల రాయియైన దక్కనులో తేలికది గెలిచినది. రెండును సత్యమే.

నిజాముల కాలమున ఈ రెండు తెగలును హైదరాబాదున కలిసినవి. నగరమున గుఱ్ఱపు పందెములు 1868లో మౌలాలీ వద్ద ఆరంభమైనవి. వేటయందు ఆసక్తి మెండుగ నున్న ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో వానిని మలక్‌పేటకు మార్పించినాడు. ఆ కాలమున అరబ్బీలతోపాటు ఆస్ట్రేలియానుండి ఓడలపై వచ్చిన వేలర్ గుఱ్ఱములు మన దేశమున ప్రబలినవి. న్యూ సౌత్ వేల్స్ నుండి వచ్చినవి గనుక వానికి ఆ పేరు. అరబ్బీకంటె ఎత్తును, ఎముకయు హెచ్చు గనుక సైన్యమునకు అవి ప్రీతిపాత్రములైనవి. మొదటి ప్రపంచ యుద్ధమున హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానముల అశ్వదళములు కలిసి పాలస్తీనా రంగమున పోరాడినవి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములు ఈ మూడు దళములకు స్మారకములు. ఆ యుద్ధమున రౌతు ఒక్కడే బరువు కాదు. బల్లెము, ఖడ్గము, తుపాకి, దాణా, నీరు అన్నియు గుఱ్ఱము వీపుననే యుండవలెను. అట్టి చోట ఎముక లేని గుఱ్ఱము పనికిరాదు.

ఇక లెక్క చూతము. దేహము ఎత్తు, పొడవు, వెడల్పులయందు రెండింతలు పెరిగినచో బరువు ఎనిమిదింతలగును; కాని కాలి ఎముక అడ్డుకోత వైశాల్యము నాలుగింతలే యగును. ఈ సూత్రమును గెలీలియో 1638లో ప్రకటించినాడు. కాబట్టి దేహము పెరిగిన కొలది కాలు తన దేహమునే మోయుటకు కష్టపడును. అట్లే పెద్ద దేహమునకు బరువుతో పోల్చిన చర్మము తక్కువ. వేడి త్వరగ వెలికిపోదు. మన వేసవిలో దిట్టమైన గుఱ్ఱము త్వరగ అలయుటకు ఇదొక కారణము. దూరపు పరుగుపందెములందు అరబ్బీలు నేటికిని ముందుండుటకును ఇదొక కారణము.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు 2008లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ఎనిమిది గుఱ్ఱములపై వాని బరువులో నూటికి 15, 20, 25, 30 వంతుల చొప్పున బరువులు మోపి నడిపించిరి. నూటికి 20 వరకు ఇబ్బంది స్వల్పము; 25కు మించిన పిమ్మట కండరముల నొప్పి, శ్రమ స్పష్టముగ కనబడినవి. అందులో గమనింపదగిన మాట మఱియొకటి కలదు. నడుము వెడల్పుగను, మోకాలి క్రింది ఎముక లావుగను ఉన్న గుఱ్ఱములకు నొప్పి తక్కువగ నుండినది. బలము ఎముకలోను, నడుములోను ఉన్నదిగాని పొట్టలో లేదు. ఈ ప్రసంగమునకు సారము ఇదియే.

ఇప్పుడు ప్రదర్శనమునకు వత్తము. బ్రిటనులో స్వారీ గుఱ్ఱముల ప్రదర్శనమున ఒక మంచి పద్ధతి కలదు: తీర్పరి దూరమునుండి చూచుటతో తృప్తిపడక, తానే జీనునెక్కి ప్రతి గుఱ్ఱమును నడిపి చూచును. కన్ను మోసపోవచ్చును, వీపు మోసపోదు. ఆ పరీక్ష లేని చోట ప్రదర్శనము కొవ్వునకు దాసియగును. గుఱ్ఱమునకు అతిగ దాణా పెట్టి నిగనిగలాడించిన ఎముక తక్కువయైనను నిండుగ కనబడును. కాని ఆ కొవ్వువలననే గిట్టలలోపల వాపు పుట్టి గుఱ్ఱము కుంటుపడు ప్రమాదము కలదు. పైన పటారము, లోన లొటారమను సామెత ఇట్టి చోటనే పుట్టియుండవలెను.

ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు. ఒంగోలు గిత్తల ప్రదర్శనమున మూపురమును, గంగడోలును చూచి మురియుదురు. కాని కొనునప్పుడు కాడి వేసి నాలుగు సాళ్లు తిప్పి, గిట్టలు ఎత్తి చూచినగాని రైతు సంచి విప్పడు. గిత్తకు వర్తించిన నీతి గుఱ్ఱమునకు ఏల వర్తింపరాదు? పూర్వులు గుఱ్ఱమునకు సుడులు చూచెడివారు. ఏ సుడి ఎచ్చట నున్న యజమానికి మేలో కీడో లెక్కించెడివారు. సుడులు చూచుట మానవలెనని ఎవరును పట్టుపట్టనక్కఱలేదు. కాని సుడిని చూచిన కన్ను మోకాలిని కూడ చూడవలెను.

వేట నేడు లేదు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టముతో కృష్ణజింకవంటి మృగములకు రక్షణ కలిగినది. అది మంచిదే. కాని వేటతోపాటు గుఱ్ఱమునకు నిజమైన పరీక్షయు పోయినది. వేడుక యొక్కటే మిగిలినది. మునుపు నవాబులు వేటాడిన కొండ సీమయందే 1976లో అన్నపూర్ణా స్టూడియోస్ వెలసినది. 2009లో మగధీర, 2015లో బాహుబలి చిత్రములు యోధులను గుఱ్ఱములపై చూపి ప్రేక్షకులను ఉప్పొంగజేసినవి. కెమెరాకు కావలసినది రూపము: ఎత్తైన మెడ, ఎగురు జూలు, వెలుగు మేను. చెవికొనలు ఒకదానినొకటి తాకు మార్వాడీ గుఱ్ఱము అట్టి రూపమునకు పేరొందినది. తెరమీద నిమిషమున ముగియు పరుగును చిత్రించుటకు గుఱ్ఱము ఎన్నిమార్లు పరుగెత్తవలసివచ్చునో ప్రేక్షకుడెఱుగడు. అందుచేతనే 2001లో ప్రదర్శన జంతువుల నమోదునకు నిబంధనలు ఏర్పడినవి. చిత్రములలో జంతువులను వాడువారు ముందుగ జంతు సంక్షేమ మండలికి తెలుపవలెను. వేడుకకైనను ఒక లెక్క యుండవలెనని చట్టము చెప్పుచున్నది.

ఆ లెక్క మన ఊరేగింపులకును అవసరము. పెండ్లికొడుకు 75 కిలోలు. జీను, అలంకారములు 15 కిలోలు. ముచ్చటకు ముందు కూర్చుండబెట్టిన తోడిపెండ్లికొడుకు 20 కిలోలు. మొత్తము 110. ఊరేగింపునకు వచ్చిన బక్కగుఱ్ఱము 350 కిలోలున్నచో, దానిలో అయిదవ వంతు 70 మాత్రమే. మిగిలిన 40 కిలోలు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? గుఱ్ఱపు వెన్నెముక ఖాతాలోనే గదా! సామాను మోయు తట్టువపై 70 కిలోలకు మించి వేయరాదని 1965 నాటి కేంద్ర నిబంధనలు సైతము నిర్దేశించినవి.

కావున బాడుగ మాటలాడుటకు ముందు పెద్దలు నాలుగు సంగతులు చూడవలెను. ఒకటి, మోకాలి క్రింది ఎముక లావుగ నున్నదా? రెండు, నడుము వెడల్పుగ, పొట్టిగ నున్నదా? మూడు, జీను తీయించి చూచిన వీపున పుండ్లున్నవా? నాలుగు, పది బారలు నడిపించిన నాలుగు కాళ్లును సమముగ పడుచున్నవా? ఈ పరీక్షకు పావుగంట చాలును. బక్కగుఱ్ఱమే దొరికినచో పిల్లవానిని దింపవలెను, దారి తగ్గింపవలెను, టపాసులను దూరముగ కాల్పింపవలెను. లేదా వరుడు నడచి వచ్చినను లగ్నము తప్పదు.

దిట్టమైనదా, తేలికదా యను తగవునకు తీర్పు ఇట్లున్నది. బురదనేల, బరువు రౌతు, ఎత్తైన కంచె యున్నచోట దిట్టమైనది. రాతినేల, ఎండ, దూరపు దారి యున్నచోట తేలికది. వేడుకకు రెండును తగును, ఎముక బలమునకు మించి బరువు వేయనంతవరకు. గొప్ప దేహమును చూచి గౌరవించుట, చిన్న దేహమును చూచి చులకన చేయుట రెండును పొరపాట్లే. దక్కనీ తట్టువను చిన్నదని మనము మఱచితిమి. పొరుగు మహారాష్ట్రమున మాత్రము భీమథడీని మరల లెక్కలోనికి తెచ్చి, ప్రత్యేక జాతిగా నమోదు చేయించిరి.

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక్క మనవి. కావ్యములతోపాటు పశువుల పోషణ, వైద్యము తెలుపు పుస్తకములును ఈ బీరువాలలో చేరవలెను. వానిని చదివిన యువకుడు రేపు ఊరేగింపు గుఱ్ఱము ముందు నిలిచి, పూలదండలను కాక కాళ్లను ముందు చూచినచో, ఈ గ్రంథాలయ స్థాపనకు శ్రమించిన పెద్దల శ్రమ ఫలించినట్లే. నోరులేని జీవముల పక్షమున నోరు విప్పువాడే నిజమైన విద్యావంతుడు.

సభకు శుభమగుగాక!