విదేశీ విశ్వవిద్యాలయం ఎంపిక – పెద్దలు అడగవలసిన నాలుగు ప్రశ్నలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశీ చదువంటే ఇదివరకు ఇక్కడ డిగ్రీ ముగిశాక మాట. ఇప్పుడు డిగ్రీ మధ్యలోనే ఒక సెమిస్టర్ బయటి దేశంలో చదివి తిరిగివచ్చే పద్ధతి వచ్చింది. దీనినే విద్యార్థుల మార్పిడి అంటున్నారు. ఐరోపాలో 1987లో ఎరాస్మస్ పేరుతో ఇటువంటి పథకం మొదలైనప్పుడు 11 దేశాల నుంచి వెళ్ళినవారు 3,244 మంది మాత్రమే. ఇప్పుడు మన కళాశాలలు కొన్ని కూడా విదేశాలతో ఒప్పందాలు చేసుకుంటున్నాయి.

మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. కళాశాలవారు ఇచ్చిన జాబితాలో జర్మనీ, సింగపూర్ ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ర్యాంకుల పట్టిక ముందేసుకుని కూర్చున్నారు. జీవితమంతా ఫైళ్ళతో గడిపినవాణ్ణి కనుక నేను ముందు తేదీలు చూడమన్నాను.

జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరులో మొదలై, పాఠాలు ఫిబ్రవరి దాకా సాగుతాయి. అమ్మాయి కళాశాలలో తర్వాతి సెమిస్టర్ జనవరిలోనే మొదలు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఆగస్టులో మొదలైన సెమిస్టర్ డిసెంబరు మొదట్లో ముగుస్తుంది. అక్కడి పేరు ఎంత గొప్పదైనా, ఇక్కడ హాజరు చాలకపోతే నష్టం పిల్లదే కదా!

రెండవది క్రెడిట్లు. ఐరోపాలో సెమిస్టర్‌కు 30 చొప్పున ఏడాదికి 60 క్రెడిట్లు లెక్క. మన లెక్క వేరు. అక్కడ చదివిన ఏ సబ్జెక్టును ఇక్కడ దేనికి బదులు జమకట్టుకుంటారో బయలుదేరకముందే సంతకాలతో కాగితం పుచ్చుకోవాలి. "వచ్చాక చూద్దాంలెండి" అన్న నోటిమాట ఎంతవరకు నిలుస్తుందో మనకు ఒకరు చెప్పాలా? మార్కుల పద్ధతి కూడా తెలుసుకోవాలి. జర్మనీలో 1 వస్తే అత్యుత్తమం, 5 వస్తే తప్పినట్టు.

మూడవది డబ్బు. మార్పిడి ఒప్పందం ఉంటే సాధారణంగా ఫీజు సొంత కళాశాలకే కడతారు. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. కాని వీసా, విమానం, బస, భోజనం, ఇన్సూరెన్సు మనవే. జర్మనీ వీసాకు జీవనవ్యయం నెలకు 992 యూరోల చొప్పున చూపాలని 2024లో నిర్ణయించారు. కమ్యుటేషన్ సొమ్ముతో వేసుకున్న డిపాజిట్ తీసేముందు, హాస్టల్ గది విశ్వవిద్యాలయమే ఇస్తుందో లేదో కనుక్కోండి. బయట గది అద్దెకు తీసుకోవలసివస్తే ఖర్చు లెక్క మారిపోతుంది.

నాల్గవది బోధనాభాష. జర్మనీలో బాచిలర్ స్థాయి పాఠాలు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. ఇంగ్లీషులో చెప్పేవి మాస్టర్స్ స్థాయిలోనే ఎక్కువ.

అమ్మాయి మనసంతా జర్మనీ మీదే ఉండేది. ఈ నాలుగింటికీ జవాబులు తానే ఉత్తరాలు రాసి తెప్పించుకుంది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడోరోజు, "తాతయ్యా, ఇప్పటికి సింగపూర్. జర్మనీ మాస్టర్స్‌కి అట్టేపెట్టుకుంటాను" అంది. నేను "నీ ఇష్టం తల్లీ" అన్నాను. జర్మనీయే అన్నా అదే మాట అనేవాణ్ణి.

పిల్లల తరఫున నిర్ణయం చేయడం మన పని కాదు. వాళ్ళు తొందరలో చదవకుండా వదిలేసిన చిన్న అక్షరాలను దగ్గర కూర్చుని చదివించడం మన పని. ఆ పనిలో మనకున్న అనుభవం తక్కువేమీ కాదు.