పట్టికకు తలకట్టు



శాలిబండలో 1904వ సంవత్సరమున కట్టిన గడియార స్తంభము కలదు. దాని ముఖములపై అంకెలు వేర్వేరు లిపులలో నున్నవి. ముల్లు చూపు స్థానమున కర్థమేమో చెప్పు గుర్తులు ముల్లు తిరుగు చోటనే యున్నవి. పట్టికల కన్నిటికిని ఈ భాగ్యము లేదు.

ఆ ప్రాంతపు పాత యింటిలో అద్దెల లెక్కపుస్తక మొకటి యున్నదనుకొందము. మనుమడు దానిని కంప్యూటరున కెక్కించెను. గీతలు లేవు, రంగులు లేవు. ఉత్త యక్షరములు మాత్రమే గల సాదా ఫైలు. గడికిని గడికిని నడుమ కామా మాత్రమే యున్నది. పుటపై తాతగారు వ్రాసిన శీర్షికను, అది లెక్కలోనిది గాదని, అతడు విడిచిపెట్టెను. ఇప్పుడొక వరుసలో 1352, 14 అను రెండంకెలు మిగిలినవి.

ఇది యే సంవత్సరము? నిజాము రాజ్యమున సర్కారు లెక్కలు ఫసలీలో నడచెడివి. హిజ్రీయు వాడుకలో నుండెను. ఫసలీ 1352 అనిన 1942–43. హిజ్రీ 1352 అనిన 1933–34. ఇక 14 ఏ రూపాయలు? సంస్థానపు హాలీ సిక్కాలా, బ్రిటిషు ఇండియా కల్దారులా? ఏడు హాలీలకు ఆరు కల్దారులు సుమారు మారకము. కావున 14 హాలీలు 12 కల్దారులకు సరి. అన్నదమ్ములు ఆ లెక్కను ముందిడుకొని పాళ్లు తేల్చుకొనునాడు, తొమ్మిదేండ్ల తేడాయు, ప్రతి పదునాలుగింట రెండు రూపాయల తేడాయు అల్పములు గావు.

అట్లయిన ఈ వివరణ నెచట నుంచవలెను? నేటివారు దీనిని మెటాడేటా యందురు. పట్టిక కడపట నుంచినచో, చదువరి పొరపడిన పిమ్మటగాని అది కంటబడదు. క్రొత్త వరుసలు చేర్చినకొలది నడుమ చిక్కుకొనును. వేరొక ఫైలులో నుంచుట మరియొక పద్ధతి. 2015లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము ఇట్టి పద్ధతిని సిఫారసు చేసినది. యంత్రమున కది సుకరమే. కాని ఒక ఫైలును పంపి రెండవదానిని మరచుట మానవ సహజము. పట్టికకు పైననే, చిహ్నముతో మొదలగు పంక్తులుగా వ్రాసినచో వివరణ వెంటనే యుండును. అయితే 2005 నాటి కామా ఫైళ్ల నియమపత్రములో శీర్షికవరుస ప్రస్తావన యున్నదే గాని, ఇట్టి వ్యాఖ్యల మాట లేదు. కొన్ని ప్రోగ్రాములు వానిని లెక్కవరుసలని భ్రమించును.

కావున నా మనవి యిది. ఏ మాట లేనిచో అంకె తప్పుగా చదువబడునో, ఆ మాట నిలువు వరుస శీర్షికలోనే యుండవలెను: “సంవత్సరము ఫసలీ”, “అద్దె హాలీ” అని. దానిని ప్రోగ్రాములు సాధారణముగా త్రోసివేయవు. పుస్తక మెవరిది, నకలు తీసిన దెవరు, ఎన్నడు అను మాటలు పట్టికకు పైన రెండు మూడు పంక్తులలో నుండవచ్చును. దీర్ఘ వివరణ వేరు ఫైలున నుండనిండు. దాని పేరు మాత్రము పైన చెప్పవలెను.

“క” వ్రాసి, దాని తలకట్టును మరియొక పుటలో వ్రాయము గదా! అంకెల పట్టికకును అదియే న్యాయము.