కేతిగాడికి భయం లేదు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పారు కనుక నేను తోలుబొమ్మల హాస్యం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

బొమ్మలాట అనగానే ఇప్పుడు పిల్లల వినోదం అనుకుంటున్నారు. మనం చూసిన ఆట ఊరంతా భోంచేశాక తొమ్మిదింటికి మొదలై తెల్లవార్లూ సాగేది. రాముడు, సీత, హనుమంతుడు నిలువెత్తు బొమ్మలు. అర్ధరాత్రి దాటి పిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయి, పెద్దల కళ్ళూ మూతలు పడుతున్నప్పుడు, తెరవెనుక చెక్కలమీద కాళ్ళతో టకటకా తొక్కేవారు. అంతే, పొట్టి బొమ్మలు మూడు తెరమీదికి దూకేవి: జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. ఆ వేళ ఆ మాటలు పెద్దలకోసమే.

1974లో జమాబందీకి తహశీల్దారుగారి వెంట ఒక ఊరు వెళ్ళాం. రాత్రి ఆట పెట్టారు. లంకాదహనానికి ముందు కేతిగాడు వృద్ధాప్య పింఛనుకు వచ్చాడు. పోలిగాడు గుమాస్తా.

"వయసుకు కాగితమేదిరా?"

"నేను ఎదురుగా కనబడుతున్నాను గదయ్యా!"

"నువ్వు కాదురా, కాగితం కనబడాలి."

బంగారక్క అందుకుంది: "ఆ సంతకం నేను పెడతానయ్యా! పొద్దుగూకితే వీడి వయసు తెలిసేది నాకే!"

ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. ముందు కుర్చీలో తహశీల్దారుగారూ నవ్వారు, నవ్వక ఏం చేస్తారు? పక్కనున్న రైతు మాత్రం నావైపు చూసి మరీ నవ్వాడు. అదే మాట అతను మా కచేరీలో అని ఉంటే అతని ఫైలు కదిలేది కాదు. నేను అని ఉంటే మెమో వచ్చేది. తోలుముక్క అంటే మెమో ఎవరికివ్వాలి?

బంగారక్క మాట కూడా అంతే. చాలా మేళాలలో ఆడబొమ్మలకు గొంతు ఆ ఇంటి ఆడవాళ్ళదే. తెర లేకుండా నిలబడి ఆ మాట అనమంటే ఏ ఇల్లాలు అంటుంది? మనిషి నోట బూతయ్యేది బొమ్మ నోట నవ్వవుతుంది. డెబ్బై దాటినా మనకు ఆ రుచి పోకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ విద్య ఇంకా ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కాని ఆటలకు పిలుపులు తగ్గి, అదే మేకతోలుతో లాంపుషేడ్లు చేసి బతుకుతున్నవారు ఎక్కువ. వాటిమీద నెమళ్ళుంటాయి, దేవుళ్ళుంటారు. కేతిగాడున్న లాంపుషేడు నేనింతవరకు చూడలేదు. సభల్లో పెట్టే గంట ఆటల్లోనూ ముందు కోత పడేది అతనికే. అసభ్యమట! రావణుడు సీతనెత్తుకుపోవడం సభ్యం కాబోలు.

కనుక కార్యవర్గానికి నా మనవి. వచ్చే వార్షికోత్సవానికి ఒక మేళాన్ని పిలవండి. ఆట రాత్రి తొమ్మిదికి పెట్టించండి, కేతిగాణ్ణి కొయ్యవద్దని ముందే చెప్పండి. బత్తెం, దారిఖర్చులకు నా వంతు చందా ఈరోజే కోశాధికారిగారికి ఇస్తున్నాను. ముందు వరుసలో ట్రెజరీవారికి నాలుగు కుర్చీలు వేయిద్దాం. ఏటేటా మనం బతికే ఉన్నామని ఇచ్చే సర్టిఫికెట్టు సంగతి కేతిగాడే అడుగుతాడు.

సెలవు.