వకాల్తా ఉన్నవారికే ద్వారం: హంగరీ ఆశ్రయ కేంద్రాలలోకి సహాయ సంస్థల ప్రవేశం

ఆశ్రయం కోరి వచ్చినవారిని, దరఖాస్తు తేలేవరకు, ప్రభుత్వం ఉంచే కేంద్రాలలోకి సహాయ సంస్థలు ఏ ఆధారంతో అడుగుపెడతాయన్నది పైకి పరిపాలనా వ్యవహారంలా కనిపించినా, ఆ కేంద్రం ఆశ్రయస్థలంగా నిలుస్తుందా, నిర్బంధస్థలంగా మారుతుందా అన్నది చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. ప్రభుత్వం దయతో ఇచ్చిన ప్రవేశానికీ, ఆశ్రయార్థి హక్కుగా దక్కిన ప్రవేశానికీ మధ్య తేడా హంగరీలో బయటపడినంత స్పష్టంగా ఐరోపాలో మరెక్కడా బయటపడలేదనిపిస్తుంది కనుక, ఈ ఉపన్యాసం ఆ దేశ చరిత్రకే పరిమితమవుతున్నది.

1956 తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేసినప్పుడు సుమారు 2 లక్షలమంది హంగేరియన్లు దేశం విడిచి, అత్యధికులు ఆస్ట్రియాకు చేరగా, అక్కడి శిబిరాల నిర్వహణలో రెడ్‌క్రాస్ సంఘాలే ముందున్నందువల్ల, సహాయ సంస్థను లోపలికి రానివ్వాలా అన్న ప్రశ్నకే పెద్దగా తావులేకపోయింది. మూడు దశాబ్దాల తరువాత, 1989లో, శరణార్థుల హక్కులను నిర్వచించిన 1951 నాటి జెనీవా ఒప్పందంలో హంగరీ చేరింది; అదే ఏడాది పుట్టిన హంగేరియన్ హెల్సింకి కమిటీ అనే మానవహక్కుల సంస్థ, అధికారులతో రాతపూర్వక ఒప్పందాలు కుదుర్చుకుని, నిర్బంధ కేంద్రాలను సందర్శించి నివేదికలు రాయసాగింది. ఇష్టం లేనినాడు ఏ పక్షమైనా రద్దు చేసుకోగల ఒప్పందాలవి.

ఐరోపా సమాఖ్య 2003లోనూ, సవరించి 2013లోనూ వెలువరించిన ఆదేశికలు, అంటే సభ్యదేశాలు తమ చట్టాలలోకి తెచ్చుకోవలసిన ఉమ్మడి నియమాలు, న్యాయవాదులకూ, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకూ, స్వచ్ఛంద సంస్థలకూ వసతి కేంద్రాలలో ప్రవేశం కల్పించి, భద్రతా కారణాలపై మాత్రమే పరిమితులు విధించవచ్చన్నాయి. అయితే స్వచ్ఛంద సంస్థకు ఆ దేశపు గుర్తింపు ఉండాలన్న షరతును చేర్చడంతో, తాళంచెవి మళ్లీ ప్రభుత్వం చేతికే వెళ్లింది.

2015 సెప్టెంబరు 15న, సెర్బియా సరిహద్దు వెంట కంచె పూర్తవుతూనే, హంగరీ రోస్కె, టోంపాల వద్ద ట్రాన్సిట్ జోన్లను తెరిచింది. సరుకు రవాణా కంటైనర్లను ముళ్లకంచె నడుమ పేర్చి కట్టిన ఈ ఆవరణలలోనే, 2017 మార్చి నుంచి, ఒంటరిగా వచ్చిన 14 ఏళ్లలోపు పిల్లలు మినహా, దాదాపు దరఖాస్తుదారులందరినీ ఉంచారు. అదే ఏడాది హెల్సింకి కమిటీతో ఉన్న ఒప్పందాలను అధికారులు రద్దుచేశారు. ఆ తరువాత న్యాయవాది లోపలికి వెళ్లాలంటే కక్షిదారు సంతకం చేసిన వకాల్తా తప్పనిసరైంది. లోపలున్న మనిషికి న్యాయవాది పేరు తెలిసే మార్గం ఏదన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. నిర్వహణలో దొర్లిన పొరపాటుగా దీన్ని భావించడం కష్టం. 2018 ఆగస్టులో, దరఖాస్తు తిరస్కరణకు గురైన కొందరికి తిండి నిలిపివేసినప్పుడు, స్ట్రాస్‌బుర్గ్‌లోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం న్యాయవాదుల విన్నపంపై తాత్కాలిక ఉత్తర్వులతో భోజనం పెట్టించవలసి వచ్చిందంటే, ఆ సన్నని వకాల్తా దారి ఎంత విలువైనదో తెలుస్తుంది. రోస్కెలో 23 రోజులు గడిపి సెర్బియాకు పంపబడిన ఇద్దరు బంగ్లాదేశీయుల వ్యాజ్యం 2019లో అదే న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం దాకా వెళ్లగలిగింది కూడా న్యాయవాది వారిని చేరుకోగలిగినందువల్లనే.

2018 జూన్‌లో పార్లమెంటు ఆమోదించిన చట్టం మరో అడుగు ముందుకువేసి, ఆశ్రయానికి అనర్హులని చట్టం లెక్కగట్టినవారికి దరఖాస్తులో సంఘటితంగా సాయపడటాన్ని నేరంగా మార్చి, అనుమానితులను సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపలికి రానివ్వకుండా నిషేధించింది. ట్రాన్సిట్ జోన్లు ఉన్నది సరిగ్గా ఆ పట్టీలోనే. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2021 నవంబరు 16న ఈ చట్టం సమాఖ్య నియమాలకు విరుద్ధమని తేల్చింది. అయితే అంతకుముందే, అదే న్యాయస్థానం ఆ జోన్లలో జరిగేది నిర్బంధమేనని 2020 మే 14న ప్రకటించిన వారానికే హంగరీ వాటిని మూసివేసి, ఆశ్రయం కోరేవారు ముందుగా బెల్‌గ్రేడ్ లేదా కీవ్ రాయబార కార్యాలయంలో విన్నపం దాఖలు చేయాలని నిర్దేశించింది. ఆ పద్ధతి కూడా చెల్లదని 2023లో తీర్పు వచ్చింది. ఆశ్రయ విధానంపై 2020 డిసెంబరు నాటి మరో తీర్పును అమలుచేయనందుకు 2024 జూన్‌లో సమాఖ్య న్యాయస్థానమే హంగరీకి 20 కోట్ల యూరోల జరిమానాతోపాటు, జాప్యం జరిగిన ప్రతి రోజుకూ 10 లక్షల యూరోలు విధించింది.