పోకపూలు: కంబోడియా నాట్యంలో ఒక నష్టపరిహారం

మన ఇళ్ళలో తాంబూలాలు పుచ్చుకొంటేనే గాని పెళ్ళిమాట ఖాయం కాదు. ఆకూ వక్కా చేతులు మారిన తరువాతనే వియ్యాలవారు వియ్యాలవారవుతారు. కంబోడియా దేశంలో ఇంచుమించు అటువంటి గౌరవం పోకపూలది. ఖ్మేరు భాషలో వాటిని 'ఫ్కా స్లా' అంటారు. పోకపూలు లేని పెళ్ళి అక్కడ పెళ్ళి కాదు. కని పెంచినవారిపట్ల వధూవరుల కృతజ్ఞతకు అవి గుర్తు.

1975 ఏప్రిల్ 17వ తేదీన ఆ దేశపు రాజధాని నాంపెన్ ఖ్మేర్ రూజ్ దళాల వశమైనది. వారు పట్టణాలను ఖాళీ చేయించి ప్రజలను పొలాలకు తోలారు. 1979 జనవరి 7 వరకు, అంటే నాలుగేళ్ళకు కొంచెం తక్కువగా, దేశాన్ని ఏలినది 'అంగ్కార్'. ఆ మాటకు సంస్థ అని అర్థం. పాలకులు తమ పేరు చెప్పుకోక ఆ చాటున ఉండేవారు. ఆకలివల్ల, రోగాలవల్ల, చాకిరీవల్ల, హత్యలవల్ల 17 లక్షలనుండి 20 లక్షల దాకా జనం మరణించారని అంచనా. పెళ్ళి కూడా అంగ్కార్ ఆజ్ఞప్రకారమే జరగవలె. ఒకరి ముఖం ఒకరెరుగని స్త్రీపురుషులను వరుసలు తీర్చి, ఒక్కొక్కప్పుడు నూరు జంటలకు పైగా, ఒకేసారి భార్యాభర్తలన్నారు. తల్లిదండ్రులు రారు. పూలూ వాద్యాలూ లేవు. అంగ్కార్‌కు విధేయులమై ఉంటామన్న ప్రమాణం ఒక్కటే ఉన్నది. రాత్రివేళ గుడిసె వెలుపల కావలివాండ్రు చెవి ఒగ్గి, కొత్త దంపతులు కాపురం చేస్తున్నారో లేదో విని పోయేవారు. ఈ నిర్బంధం స్త్రీలకే కాదు, పురుషులకు కూడా.

ఈ విషయంమీద 2017 జనవరిలో నాంపెన్‌లో ఒక నాట్యప్రదర్శన జరిగినది. దాని పేరు 'ఫ్కా స్లా క్రోమ్ అంగ్కార్'. అంగ్కార్ కింద పోకపూలు అని చెప్పుకోవచ్చును. కంబోడియా ప్రభుత్వమూ ఐక్యరాజ్యసమితీ కలిసి ఏర్పరచిన న్యాయస్థానం 2018 నవంబరు 16న తీర్పు చెపుతూ, ఆ బలవంతపు వివాహాలు మానవజాతిపట్ల జరిగిన నేరమని నిర్ణయించినది. నువోన్ చియా, ఖియూ సంఫాన్ అనే ఇద్దరు నాయకులకు యావజ్జీవ శిక్ష విధించినది. ఆ తీర్పులోనే ఈ నాట్యాన్ని బాధితులకు చెందవలసిన పరిహారాలలో ఒకటిగా ఆమోదించినది.

నష్టపరిహారం అనగానే మనకు రూపాయలు, ఎకరాలు జ్ఞాపకం వస్తవి. ఆ న్యాయస్థానపు నిబంధనలలో వ్యక్తులకు డబ్బు ఇప్పించే వీలు లేదు. సమష్టిగా, నైతికంగా మాత్రమే పరిహారం జరగవలె. బ్రతుకు బుగ్గి చేసి నాట్యం చూపిస్తే తీరిపోతుందా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో తప్పు లేదు. తీరదు. అయినా, ఈ పనికి తక్కిన కళలను కాదని రాజాస్థానపు నాట్యాన్నే ఎందుకు ఎంచుకొన్నారో తెలుసుకోవడం మంచిది.

అది పూర్వం రాజుగారి నాట్యం. ఆంగ్కోర్ వాట్ గోడలమీద చెక్కిన వేయికి పైబడిన దేవతాస్త్రీలను తమ పూర్వులుగా ఈ నర్తకులు భావిస్తారు. స్త్రీ, పురుషుడు, రాక్షసుడు, వానరుడు అని పాత్రలు నాలుగు తెగలు. వానరులను ఇటీవలి కాలంలో మగవారు ధరిస్తున్నారు గాని, తక్కిన పాత్రలన్నీ ఎక్కువగా స్త్రీలవే. చిన్ననాటినుంచే వేళ్ళను వెనుకకు వంచి వంచి సాధన చేయిస్తారు. దుస్తులను ప్రదర్శనకు ముందు ఒంటిమీదనే కుట్టివేస్తారు. అందులో ప్రధానమైన కథ 'రియాంకె', అనగా రామాయణమే. మనవారు చూస్తే ఎవరు రాముడో ఎవరు రావణుడో చెప్పనక్కరలేదు. కాని హనుమంతుణ్ణి ప్రేమించిన మత్స్యకన్య, రావణుని కూతురు, కనబడితే మాత్రం కొంచెం ఉలికిపడతారు! గురువులకు మ్రొక్కే ఉత్సవాన్ని 'సంపియా క్రూ' అంటారు. ఆ 'క్రూ' మన గురుశబ్దమే.

ఖ్మేర్ రూజ్ కాలంలో ఈ కళాకారులలో పదింట తొమ్మిది వంతులు నశించారని సాధారణంగా చెప్పుకొంటారు. ఈ నాట్యానికి గ్రంథం ఉన్నది లేదన్నంత తక్కువ. ఆధారమంతా గురువుల దేహాలే. ఆ దేహాలు పోతే నాట్యమూ పోయినట్లే. మిగిలిన కొద్దిమంది 1979 తరువాత ఒకరినొకరు వెదకుకొని, ఒకరికి జ్ఞాపకమున్న చేతి విసురును మరొకరి అడుగుతో కలిపి, పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. రాజధానిలో లలితకళల పాఠశాలను మళ్ళీ తెరిచారు. అక్కడికి రాలేనివారు సరిహద్దు దాటి థాయిలాండ్ గడ్డమీద, 1979 నవంబరులో వెలసిన ఖావో-ఈ-దాంగ్ వంటి శరణార్థి శిబిరాలలో, వెదురు పాకల నీడను పిల్లలకు నేర్పారు.

థాయిలాండ్ గడ్డమీద అన్నాను. దానికొక కథ ఉన్నది. 1431లో అయుత్యా సేనలు ఆంగ్కోర్‌ను పట్టుకొన్నప్పుడు నర్తకీమణులను కూడా తీసుకొనిపోయినట్లు చెపుతారు. 19వ శతాబ్దంలో ఖ్మేరు రాజులు బాంకాకునుండి నాట్యపు పోకడలను తిరిగి తెచ్చుకొన్నారు. ఇచ్చిపుచ్చుకొన్న లెక్క ఇంత చిక్కుబడి ఉండగా, ఇది మాదంటే మాదని పోటీ ఏర్పడినది. ఆంగ్కోర్ థాయివారిదేనని ఒక థాయి నటి అన్నదని పుకారు పుట్టి, 2003 జనవరి 29న నాంపెన్‌లో థాయి రాయబార కార్యాలయాన్ని జనం తగులబెట్టారు. 2018లో ఉభయ దేశాల ముసుగు నాటకాలూ, థాయి 'ఖోన్', ఖ్మేరుల 'ల్ఖోన్ ఖోల్', ఒకే సంవత్సరం యునెస్కో జాబితాలకెక్కినవి. రెండింటిలో ఆడేది రామకథే. 2025 జూలైలోను, మళ్ళీ డిసెంబరులోను అదే సరిహద్దున ఫిరంగులు మ్రోగినవి. పూర్వుల ఆస్తి పంచుకోవడంలో అన్నదమ్ములు ఎట్లా ఉంటారో దేశాలూ అట్లాగే ఉంటవి. కళ ఉన్నచోట కలహం ఉండదనే మాటను నేను ఊరక నమ్మలేను. ఏ చేతిలో ఉన్నది, ఎందుకు వాడుతున్నారు అన్నదే చూడవలె.

ఆ పాఠశాలలో మళ్ళీ చేరిన మొదటి తరం పిల్లలలో ఒకరు సోఫిలీన్ చియం షపీరో. 1967లో పుట్టిన ఆమె తండ్రిని, ఇద్దరు సోదరులను ఆ కాలంలోనే పోగొట్టుకొన్నారు. 1988లో పట్టం పుచ్చుకొన్నారు. 2000లో షేక్స్పియర్ 'ఒథెల్లో' కథను 'సమ్రితెచక్' అనే పేరుతో ఖ్మేరు నాట్యంగా కూర్చారు. తాను చేసిన హత్య తెలిసిన తరువాత ఒథెల్లో ఎవరిమీదకూ నేరం నెట్టడు, శిక్షను తానే కోరుకొంటాడు. ఆమెను ఆకర్షించినది ఆ ఘట్టమే. అప్పటికి పోల్ పోట్ చనిపోయి రెండేళ్ళయినది. ఐక్యరాజ్యసమితితో కలిసిన న్యాయస్థానం ఇంకా ఏర్పడలేదు. నాయకులలో ఎవరూ ఇది మేము చేశామని అనలేదు. నాయకులు అనవలసిన మాటను రంగస్థలంమీద ఒక రాజకుమారుని చేత చేయించి చూపారు.

పదిహేడేళ్ళ తరువాత పోకపూల నాట్యాన్ని కూర్చినది కూడా ఆమెయే. ఈసారి కథ పుస్తకంలోనిది కాదు. బాధితులు తమంత తాము చెప్పిన వృత్తాంతాలే ఆధారం. ఈ పని తలపెట్టిన సంస్థలలో ముఖ్యమైనదాని పేరు 'క్డే కరుణా'; ఆ కరుణ మనకు తెలిసిన కరుణయే. నాట్యంతోబాటు సంచార ప్రదర్శనశాలను, ముసలివారూ పిల్లలూ ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొనే గోష్ఠులను కూడా ఏర్పాటు చేశారు.

ఈ నాట్యంలో అరుపులుండవు, తొందర ఉండదు. రాజకుమారుడు రాజకుమారిని వలచే ఘట్టానికి వందలయేళ్ళుగా సానబెట్టిన హస్తాలు ఉన్నవి. ప్రేమను చెప్పడానికి పుట్టిన భాషతో ప్రేమలేని పెళ్ళిని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. అది చూచే ముసలిదానికి ఆ భాష పరాయిది కాదు. తన అమ్మమ్మకు తెలిసిన భాష. అంగ్కార్ నిషేధించిన భాష. న్యాయస్థానంలో ఆమె సాక్షి. న్యాయవాదులు అడిగినదానికి జవాబు చెప్పవలె, ఏ తేదీ, ఏ ఊరు, కావలివాడెవడు అని. ఇక్కడ అడిగేవారు లేరు. తన కథను రాణులూ అప్సరసలూ ధరించే ఆభరణాలతో మరొకరు ధరించి నడుస్తూ ఉంటే, సిగ్గుతో దాచినదానికి ఒక గౌరవం వచ్చి కూర్చుంటుంది. పరిహారమనే మాట ఇక్కడ ఎంతవరకు సార్థకమో, అది ఇంతవరకేనని నా అభిప్రాయం. ఇది చిన్నదని నేననను.

1979 తరువాత ఆ జంటలలో కొందరు ఎవరి దారిని వారు పోయారు. కొందరు పిల్లలకోసం కలిసే ఉన్నారు. కాలం గడిచిన కొద్దీ ఒకరికొకరు అలవాటయినవారూ ఉన్నారు. అటువంటి ఇంట పుట్టిన బిడ్డకు తన అమ్మానాన్నల పెళ్ళి ఎట్లా జరిగినదో చాలాకాలం ఎవరూ చెప్పలేదు. అడిగే వయస్సు వచ్చేసరికి, ఎట్లా అడగాలో ఆ బిడ్డకూ తెలియలేదు. ఆ ముసలివారూ పిల్లలూ కూర్చున్న గోష్ఠులలో మొట్టమొదట వచ్చిన ప్రశ్న అదే అయి ఉంటే ఆశ్చర్యం లేదు.