ఊపిరి గొట్టం తీసే వేళ



మేము వైద్యులము కాము, బడిపంతుళ్లము. మూడవ తరం వారము కనుక మా తెలుగు కూడా సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నదే. అయినా మన ఇళ్లలో పెద్దలకు గుండె ఆపరేషన్ అనే మాట అప్పుడప్పుడు వినవలసి వస్తున్నది గనుక ఒక్క విషయం మనవి చేస్తాము.

ఆపరేషన్ అయిన తరువాత ఇంటెన్సివ్ వార్డుకు తెచ్చేటప్పటికి చాలామంది రోగుల నోట ఊపిరి గొట్టం ఉంటుంది. అది స్వరతంత్రుల మధ్యగా పోతుంది. అందుచేత మెలకువ వచ్చినా మాట రాదు. అంతా సవ్యంగా ఉంటే సుమారు 6 గంటలలోపు దానిని తీసివేయాలని నేటి వైద్యుల లక్ష్యం. ఎక్కువకాలం ఉంచితే ఊపిరితిత్తులకు చేటు. తొందరపడి తీస్తే మళ్లీ వేయవలసి రావచ్చు.

జర్మనీలో తీయాలన్న నిర్ణయం వైద్యునిది. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో కొన్ని ఆసుపత్రులలో నియమావళి ప్రకారం నర్సులే తీస్తారు. ఎక్కడైనా మంచం పక్కన ఉండి కనిపెట్టేది నర్సే. ఒళ్లు వెచ్చబడిందా, రక్తపోటు నిలకడగా ఉందా, రొమ్ములో పెట్టిన గొట్టాలలో నెత్తురు తగ్గిందా, రోగి తన ఊపిరి తాను తీస్తున్నాడా అని చూస్తుంది. నోరు, గొంతు శుభ్రం చేసి, గొట్టం చుట్టూ ఉన్న చిన్న తిత్తిలోని గాలి తీశాకనే గొట్టం బయటికి వస్తుంది. తరువాత ఆక్సిజన్ పెట్టి, దగ్గమని చెప్పి, ఊపిరిలో ఈల వంటి చప్పుడు వస్తున్నదేమోనని చెవి ఒగ్గి వింటుంది.

మన హాంబర్గులోని ఎపెండార్ఫ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు 2020లో ప్రచురించిన పద్ధతిలో, చిన్న కోతతో గుండె కవాటానికి చికిత్స చేసి, ఆపరేషన్ బల్ల మీదనే గొట్టం తీయడం ఉన్నది. రోగికి ముందుగానే అన్నీ బోధించడం కూడా అందులో భాగమే.

ఇక మన సంగతి. గొట్టం తీసే ముందు నర్సు "కళ్లు తెరవండి, నా చెయ్యి గట్టిగా పట్టుకోండి, తల ఎత్తండి" అని జర్మనులో అడుగుతుంది. మత్తు వదిలే వేళ మన అమ్మమ్మకు ఆ భాష అందకపోతే? ఆమె పలకకపోతే ఇంకా తెలివి రాలేదని అనుకోవచ్చు, గొట్టం మరికొంతసేపు ఉండిపోవచ్చు.

కనుక ఆ మాటలను, "దగ్గండి" అన్నదానితో కలిపి, జర్మను లిపిలో రాసి ముందురోజే నర్సు చేతికివ్వండి. "మెలకువ వచ్చాక మాట రాదు, భయపడవద్దు, చేత్తో సైగ చెయ్యండి" అని ఇంటి పెద్దలకు చెప్పండి.

మన సాయంకాలపు తరగతిలో పిల్లలకు ఈ నాలుగు మాటలూ నేర్పుతాము. అందరూ సహకరించ ప్రార్థన.