సరూర్‌నగర్‌లో చప్పట్లు, ఓట్లు మరోచోట: ఎన్నికల ప్రసంగం పనిచేసిందో లేదో ఎట్లా చెప్పాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒక పార్టీని పొగడటం, ఇంకో పార్టీని తిట్టడం ఉండదు. ఆ పనికి మనకు చానళ్లు చాలానే ఉన్నాయి. ఈరోజు ఒక్క ప్రశ్నే తీసుకుందాం. ఎన్నికల సభలో ఒక నాయకుడో నాయకురాలో మాట్లాడి వెళ్లిపోయాక, ఆ స్పీచ్ పనిచేసిందా లేదా అని మనం ఎట్లా చెప్పాలి?

మామూలుగా ఏం చేస్తాం? గ్రౌండ్ నిండిందా, కుర్చీలు ఖాళీగా ఉన్నాయా, ఈలలు ఎన్ని పడ్డాయి, ఇవే చూస్తాం. కానీ గ్రౌండ్ నింపేది స్పీచ్ కాదండీ, బస్సులు. జనం రావడం సభకు ముందు జరిగే పని. అది చూస్తే జిల్లా నాయకుల సత్తా తెలుస్తుంది గానీ, మైకు ముందున్న మనిషి సత్తా తెలియదు. చప్పట్ల సంగతీ అంతే. ముందు వరుసల్లో ఎవరిని కూర్చోబెట్టారో మనకు తెలుసు కదా.

అందుకే ఒక నిజమైన సభ తీసుకుని చూద్దాం. 2023 మే 8. సరూర్‌నగర్ స్టేడియం. కాంగ్రెస్ యువ సంఘర్షణ సభ. ప్రియాంక గాంధీ వచ్చారు. అక్కడ హైదరాబాద్ యూత్ డిక్లరేషన్ ప్రకటించారు. ఆమె అభ్యర్థి కాదు, ప్రచారకర్త. అయినా మన ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మొదట చోటు చూడండి. సరూర్‌నగర్ పక్కనే దిల్‌సుఖ్‌నగర్. మెట్రో పిల్లర్ల కింద నడుచుకుంటూ వెళ్తే చైతన్యపురి దాకా కోచింగ్ బోర్డులే. డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్, గ్రూప్స్, బ్యాంక్. వెనక సందుల్లో హాస్టళ్లు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, ఒక గదిలో నలుగురైదుగురు ఉండి చదివే పిల్లలు. ఇంట్లో అడిగినప్పుడల్లా "నోటిఫికేషన్ వస్తుంది నాన్నా" అని చెప్పి చెప్పి అలసిపోయిన పిల్లలు.

తర్వాత సమయం చూడండి. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. ప్రిలిమ్స్ అక్టోబర్‌లో అయింది. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడింది. మార్చి 17న ఆ ప్రిలిమ్స్ రద్దు చేశారు. పాసైనవాళ్లు కూడా మళ్లీ మొదటికొచ్చారు. ఈ దెబ్బ తగిలిన రెండు నెలల్లోపే, దెబ్బ తిన్నవాళ్ల హాస్టళ్ల పక్కనే సభ పెట్టారు. అంటే మైకు పట్టుకోకముందే సగం పని అయిపోయింది. దీన్ని చాలామంది పట్టించుకోరు. స్పీచ్ బాగుందా అని అడిగేముందు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు అని అడగాలి.

ఇక విషయం. డిక్లరేషన్‌లో ఏముంది? అధికారంలోకి వచ్చిన మొదటి ఏడాదిలో 2 లక్షల ప్రభుత్వ ఉద్యోగాలు. ఏటా జూన్ 2న జాబ్ క్యాలెండర్, సెప్టెంబర్ 17లోపు నియామకాలు. నిరుద్యోగులకు నెలకు 4,000 రూపాయల భృతి. గమనించండి, "యువతకు బంగారు భవిష్యత్తు" లాంటి మాట కాదు ఇది. అంకె ఉంది, తారీఖు ఉంది. కోచింగ్ తీసుకునే పిల్లవాడి బతుకంతా తారీఖుల మీదే నడుస్తుంది. నోటిఫికేషన్ తారీఖు, పరీక్ష తారీఖు, వయసు దాటిపోయే తారీఖు. అతనికి అర్థమయ్యే భాషలో మాట్లాడారు. నా లెక్కలో ఆ సభలో అన్నిటికన్నా బలంగా పనిచేసింది ఇదే.

నమ్మకం మాటేమిటి? 4,000 అనగానే విన్నవాళ్లకు 3,016 గుర్తొస్తుంది. 2018 ఎన్నికల్లో టీఆర్‌ఎస్ ఇస్తానన్న నిరుద్యోగ భృతి అది. ఐదేళ్లలో అమలు కాలేదు. ఎదుటివాళ్లు నిలబెట్టుకోని మాట ఉన్నప్పుడు, మన మాట చెప్పడం తేలిక. కానీ అదే మాట వింటున్నవాళ్లకు అనుమానం కూడా నేర్పుతుంది. అప్పుడు వాళ్లివ్వలేదు, రేపు మీరిస్తారా అని.

సరే, ఇప్పుడు ఫలితం. 2023 నవంబర్ 30న పోలింగ్, డిసెంబర్ 3న లెక్కింపు. కాంగ్రెస్‌కు 64 సీట్లు, బీఆర్‌ఎస్‌కు 39. ప్రభుత్వం మారింది. కానీ సభ జరిగిన చోట ఏమైంది? సరూర్‌నగర్ ప్రాంతం మహేశ్వరం నియోజకవర్గంలో ఉంది. అక్కడ బీఆర్‌ఎస్ అభ్యర్థి సబితా ఇంద్రారెడ్డి గెలిచారు. పక్కన ఎల్బీనగర్‌లో బీఆర్‌ఎస్ అభ్యర్థి దేవిరెడ్డి సుధీర్‌రెడ్డి గెలిచారు. రెండు చోట్లా రెండో స్థానం బీజేపీది. కాంగ్రెస్ మూడో స్థానం! మూడో స్థానమండీ. ఇంకో ముచ్చట. సోనియా గాంధీ ఆరు గ్యారంటీలు ప్రకటించిన 2023 సెప్టెంబర్ 17 సభ తుక్కుగూడలో జరిగింది. అదీ మహేశ్వరం నియోజకవర్గమే. రెండు పెద్ద సభలు పెట్టిన చోటే పార్టీ ఓడిపోయింది.

మరి స్పీచ్ ఫెయిల్ అయిందా? ఇక్కడే తొందరపడకూడదు. స్టేడియంలో కూర్చున్న పిల్లవాడి ఓటు ఎక్కడుంది? చాలామందికి ఊర్లో ఉంది. హాస్టల్ అడ్రస్ మీద ఓటర్ కార్డు తీసుకునేవాళ్లు ఎంతమంది? అతను దసరాకు ఊరికి పోతాడు. ఇంట్లో అమ్మకు, అరుగు మీద పెదనాన్నకు చెప్తాడు. కాంగ్రెస్ గెలిచిన సీట్లలో ఎక్కువ భాగం జిల్లాల్లోనే ఉన్నాయి. ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి ఖమ్మం జిల్లాల్లో ఒక్కో సీటు మినహా కూటమే తీసుకుంది. అది ఈ సభ వల్లే అని నేను అనను. రైతు సమస్య ఉంది, పదేళ్ల ప్రభుత్వం మీద విసుగు ఉంది, స్థానిక నాయకులు ఉన్నారు. కానీ ఎల్బీనగర్ ఫలితం చూపించి సరూర్‌నగర్ స్పీచ్ దండగ అనడం మాత్రం తప్పు లెక్క. వినేవాడు ఒకచోట, ఓటు ఇంకోచోట.

ఎల్బీనగర్‌లో ఓటున్న మనిషి వేరు. అతనికి సొంతిల్లు ఉంది, ఈఎంఐ ఉంది. బీఎన్ రెడ్డి నగర్ లాంటి కాలనీల్లో ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయిన బాధ ఉంది. దాని పరిష్కారానికి 2022లో జీవో 118 వచ్చింది. వానొస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్నది ఇంకో భయం. 2020 అక్టోబర్ వరదలు సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలవాళ్లు మర్చిపోలేదు. ఈయన దగ్గరికి వచ్చి జాబ్ క్యాలెండర్ అంటే మర్యాదగా వింటాడు, అంతే. ఇంటి కాగితాల గురించి, నాలా గురించి మాట్లాడిన అభ్యర్థి, గొంతు బాగోకపోయినా, తడబడినా, ఇక్కడ నెగ్గుకొస్తాడు.

వ్యూస్ సంగతి కూడా ఒక్క మాట. అదే ఎన్నికల్లో కొల్లాపూర్‌లో బర్రెలక్క, అంటే కర్నె శిరీష, స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. నిరుద్యోగం మీద ఆ అమ్మాయి మాటలు ఫోన్ ఉన్న ప్రతివాళ్లూ విన్నారు. ఓట్లు 5,754. ఫోన్లో విన్నవాళ్లందరూ కొల్లాపూర్ ఓటర్లు కాదు కదా. అయితే ఆ ఎన్నికల్లో నిరుద్యోగం గురించి మాట్లాడకుండా ఎవరూ తప్పించుకోలేకపోయారు. దాన్ని ఏ ఓట్ల ఖాతాలో రాస్తారు?

చివరగా, స్పీచ్ ఆయుష్షు పోలింగ్‌తో అయిపోదు. 2024 జూలైలో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీదికి అభ్యర్థులు వచ్చారు, రాత్రి పూట. డీఎస్సీ, గ్రూప్-2 వాయిదా వేయాలని, పోస్టులు పెంచాలని. యూత్ డిక్లరేషన్ అంకెలే తిరిగి నినాదాలయ్యాయి. 11,062 పోస్టుల డీఎస్సీ జూలై 18నే మొదలైంది. గ్రూప్-2 మాత్రం వాయిదా పడి డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. జాబ్ క్యాలెండర్ ఆగస్టు 2న అసెంబ్లీలో పెట్టారు. జూన్ 2న కాదు. మొదటి ఏడాదిలో దాదాపు 55 వేల ఉద్యోగాలు ఇచ్చామని ప్రభుత్వం చెప్పింది. అందులో చాలావరకు మేం నోటిఫికేషన్ ఇచ్చినవే అని బీఆర్‌ఎస్ అంది. ఎవరి లెక్క ఎట్లున్నా, అది 2 లక్షలు కాదు.

చూశారా, అంకె చెప్పడం వల్లే స్పీచ్ బలంగా తగిలింది. ఆ అంకెనే పట్టుకుని ఇప్పుడు పిల్లలు అడుగుతున్నారు. "బంగారు భవిష్యత్తు" అని ఊరుకుని ఉంటే ఎవరూ నిలదీయలేకపోయేవారు, అట్లాగే 2023 మేలో ఎవరూ వినేవారు కూడా కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో వార్డు స్థాయి ప్రచారం గురించి, కాలనీ అసోసియేషన్ మీటింగుల్లో అభ్యర్థులు మాట్లాడే తీరు గురించి చూద్దాం.